నాకు వినపడని చప్పుడు

మీకు వినపడని చప్పుడేదో తనకు వినపడుతోందని మీ ఇంట్లో ఎవరైనా అంటే, మీరు ముందు అనుమానించేది ఆ చప్పుడునా, ఆ మనిషినా?

తొందరపడి జవాబు చెప్పకండి. నేను తొందరపడ్డాను. దాని ఫలితం ఈనాటికీ మా ఇంట్లోనే ఉంది.

నేను పుట్టిన ఇంట్లో వాదన లేని పూట లేదు. మా నాన్న తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారు. సెలవు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళకు సైకిలు మీద వెళ్ళి, బాబాల మహిమల గుట్టు విప్పే సభలు పెట్టేవాడు. నాలుక మీద కర్పూరం వెలిగించేవాడు. అరచేతిలోంచి విభూతి రాల్చి, అంతసేపూ అది ఏ వేళ్ళ సందున దాగిందో చూపేవాడు. పదేళ్ళ వయసులో ఆ సభల్లో నా పని పసుపు నీళ్ళలో సున్నపు తేట కలపడం. నీళ్ళు ఎర్రబడగానే ముందు వరసల్లో ఆడవాళ్ళు చేతులు జోడించేవాళ్ళు. "దణ్ణం పెట్టకండమ్మా, మీరు పారాణికి కలుపుకునేదే ఇది" అనేవాడు నాన్న. అప్పుడు నవ్వులు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి సూత్రం: చెప్పేవాడే చూపాలి. మహిమ ఉందన్నవాడు రుజువు తేవాలి తప్ప లేదన్నవాడి మీద ఆ బరువు పెట్టకూడదు. ఆ సూత్రంతో కాలేజీలో వక్తృత్వ పోటీలు గెలిచాను. పత్రికలకు వ్యాసాలు రాశాను. ముహూర్తం చూడకుండా పెళ్ళి చేసుకున్నాను. ఆ సూత్రంతోనే నా కూతురి నోరు మూయించాను.

మేముండేది సింగపూరులో, యీషున్‌లో, ఒక బ్లాకు తొమ్మిదో అంతస్తులో. నా భర్త జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంట్‌లో ఇంజనీరు. సింగపూరు ఇటు చివర నుంచి అటు చివరకు ప్రయాణం. సూర్యుడికంటే ముందే లేచి బస్సెక్కుతాడు. నేను ఇంటి నుంచే అనువాదాల పని చేస్తాను. మాకు ఒక్కతే అమ్మాయి. ఇది జరిగిన ఏడాది తనకు పన్నెండేళ్ళు. ఇక్కడ ఆరో తరగతి చివర పెద్ద పరీక్ష ఉంటుంది. ఏ హైస్కూలుకు వెళ్ళాలో దాంతోనే తేలుతుంది కాబట్టి, ఆ ఏడాది ఇళ్ళలో టీవీలు మోగవు, చుట్టాలు రారు. మా ఇంటికి మాత్రం మా అత్తగారు వచ్చింది. మనవరాలికి పరీక్షల ముందు వండిపెట్టాలని సరదాపడింది. మా అమ్మాయి గదిలోనే ఆవిడకు మంచం వేశాం.

ఆవిడ వచ్చిన వారానికి వంటింట్లో గోడ మీది బల్లి ఆవిడ ఎడమ భుజం మీద పడింది. సింగపూరు ఫ్లాట్లలో బల్లులకు కొదవలేదు; తలుపులు ఎంత బిగించినా లోపలికి వస్తాయి. ఆవిడ కెవ్వున అరిచి, స్టవ్ ఆపి, నేరుగా మనవరాలి దగ్గరకు వెళ్ళింది.

"అమ్మడూ, ఆ ఫోన్లో చూడు. ఆడవాళ్ళకి ఎడం భుజం మీద బల్లి పడితే ఏందో చదువు."

మా అమ్మాయి చాలా శ్రద్ధగా వెతికింది. "నానమ్మా, ఒక వెబ్‌సైట్‌లో గుడ్ అని ఉంది. ఇంకోదాంట్లో బ్యాడ్ అని ఉంది. ఏది కావాలి?"

"చెడ్డదే అనుకుందాం. పోయిందేముంది, ఓ తలస్నానం."

ఆవిడ స్నానం చేసొచ్చేదాకా ఆగి నేను అందుకున్నాను. బల్లి పట్టు తప్పి పడటానికీ, మనిషి భవిష్యత్తుకూ ఏమిటి సంబంధం? రెండు రకాల ఫలితాలు రాసిపెట్టినది శాస్త్రమెలా అవుతుంది? ఆవిడ తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుంటూ, "నువ్వు చెప్పేది నిజమే అమ్మాయ్. కానీ పడింది నీ మీద కాదు గదా" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లో బల్లులను తరిమే యంత్రాలు రెండు తెప్పించాను. ఇంట్లో బల్లే లేకపోతే బల్లి శాస్త్రం ఎక్కడుంటుంది? చేతికి దొరికిన సైన్సుతో మూఢనమ్మకాన్ని కొట్టినట్టే అనుకున్నాను.

పిడికిలంత తెల్లటి ప్లాస్టిక్ డబ్బా అది. గోడకున్న ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేస్తే చిన్న నీలం దీపం వెలుగుతుంది. వచ్చిన పెట్టె మీద తెల్లకోటు వేసుకున్న మనిషి బొమ్మ, పక్కన భూతద్దం. అతి సన్నటి ధ్వనితో బల్లులు, బొద్దింకలు పారిపోతాయట. శాస్త్రీయంగా నిరూపించారట. మనుషుల చెవికి ఏమాత్రం వినపడదట. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఒకటి వంటింట్లో పెట్టాను. ఇంకోటి మా అమ్మాయి గదిలో, తను చదువుకునే బల్ల పక్కన.

రెండో రోజు బడి నుంచి వచ్చి పుస్తకాలు తీసిన కాసేపటికే తను నా దగ్గరకు వచ్చింది.

"అమ్మా, నా రూమ్‌లో ఏదో సౌండ్ వస్తోంది. ఈ... అని. ఆగట్లేదు."

వెళ్ళి నిలబడ్డాను. ఫ్యాను తిరుగుతోంది. కింద ఆటస్థలంలో పిల్లల కేకలు. ఇంకేమీ లేదు.

"నాకేం వినపడట్లేదే."

"సూది గుచ్చినట్టుంది అమ్మా. ఆ బ్లూ లైట్ దాంట్లోంచి అనుకుంటా. ఆపెయ్యవా?"

నేను చేసిన పని ఇప్పుడు రాయాలి. చెత్తబుట్ట దగ్గర మడిచి పెట్టిన పెట్టె తెచ్చాను. తన చేతిలో పెట్టాను. "చదువు" అన్నాను. తను చదివింది. "గట్టిగా చదువు." గట్టిగా చదివింది, మనుషుల చెవికి ఏమాత్రం వినపడదని. "ఇప్పుడు చెప్పు, నువ్వు మనిషివేనా?" అన్నాను. సరదాగా అన్నాననే అనుకున్నాను. తను నవ్వలేదు. పెట్టెను ఎక్కడ మడత ఉందో అక్కడే మడిచి నాకు తిరిగి ఇచ్చింది.

దాని స్విచ్చి ముట్టుకోవద్దని కూడా చెప్పాను. ఆ తర్వాత తను చదువుకోడానికి కిందికి పోవడం మొదలుపెట్టింది. మా బ్లాకు కింద, స్తంభాల మధ్య, ముసలివాళ్ళు చదరంగం ఆడుకునే రాతిబల్లలున్నాయి. వాటి మీద లెక్కల పుస్తకం పరుచుకునేది. దోమలు కుడుతున్నాయన్నా పైకి రాదు. పరీక్ష భయంతో సాకులు వెతుక్కుంటోందని అనుకున్నాను. పిలిచి కూర్చోబెడితే రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని చదివేది. "నాటకాలొద్దు" అన్నాను. ఒకసారి కాదు.

ఆదివారం నా భర్తను గదిలోకి తీసుకెళ్ళాను. ఆయన చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"నాకూ ఏం లేదు. కానీ నా చెవులు లెక్కలోకి రావు. పద్నాలుగేళ్ళుగా కంప్రెసర్ల పక్కన తిరుగుతున్నాను. కంపెనీలో ఏటా చెవి పరీక్ష చేస్తారు కదా, సన్నటి శబ్దాలన్నీ నాకు పోయాయని ఎప్పుడో చెప్పారు."

ఆ మాట నేను విన్నాను. విని వదిలేశాను. పెద్దయ్యేకొద్దీ మనిషికి ముందుగా పోయేవి సన్నటి ధ్వనులేనని నాకు తెలియనిది కాదు. మా నాన్న క్లాసులో చెప్పిన పాఠమే. నా చెవులకు నలభై నాలుగేళ్ళు. అయినా ఆ పాఠం ఆ గదిలో నాకు గుర్తు రాలేదు, ఎందుకంటే నేను అప్పటికే తీర్పు చెప్పేసి ఉన్నాను.

మా అత్తగారు మాత్రం మొదటి రోజే నమ్మింది. ఆవిడకూ ఏమీ వినపడదు, డెబ్బై దాటాయి. అయినా మనవరాలు వినపడుతోందంటే వినపడుతోందన్నమాటే. ఇక కారణం దగ్గర ఆవిడకు అనుమానమే లేదు. "పన్నెండేళ్ళ పిల్ల. సందె వేళ కింద ఒంటరిగా కూర్చుంటోంది. ఏదో సోకింది." ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచింది. స్టవ్ మీద పెనంలో వేస్తే ఘాటుకు ఇల్లంతా దగ్గు. పక్క ఫ్లాటు చైనా ఆంటీ తలుపు తట్టి ఏమైనా అంటుకుందా అని అడిగింది. మర్నాడు మా అమ్మాయి కుడిచేతికి నల్లదారం కనిపించింది.

నేను కత్తెర తెచ్చాను.

"అమ్మాయ్, వద్దు. పిల్ల ధైర్యానికి కట్టా" అంది ఆవిడ.

"ఈ ఇంట్లో ఇది కుదరదు అత్తయ్యా."

"అయితే నీ మందేదో నువ్వు వెయ్యి. నువ్వూ వెయ్యవు, నన్నూ వెయ్యనివ్వవు."

కత్తిరించాను. నా కూతురు చెయ్యి చాచి పెట్టింది. ఎదురు చెప్పలేదు, ఏడవలేదు. ఆ దారం తెగుతుంటే నేను విజయం సాధించినట్టు భావించాను. ఆ చేతి మనిషి ముఖంలోకి చూడలేదు.

మరో పది రోజులకు క్లాసు టీచరు ఫోను చేసింది. లెక్కల్లో మార్కులు పడిపోయాయట. తలనొప్పి అంటోందట. ఇంట్లో ఏదో చప్పుడు వల్ల చదవలేకపోతున్నానని చెప్పిందట. "ఇంట్లో అంతా బాగానే ఉందా మేడమ్?" అని చాలా మర్యాదగా అడిగింది. ఆ మర్యాద వెనక ప్రశ్న నాకర్థమైంది. మా ఇంట్లో రోజూ గొడవలని ఆవిడ అనుకుంటోంది. నా పరువు పోయింది. అబద్ధం ఇల్లు దాటి బయటికి వెళ్ళిందనుకున్నాను. ఇక తేల్చేద్దామనుకున్నాను.

ఆ పరీక్షకు నేను చేసిన ఏర్పాట్లు మా నాన్న చూస్తే మెచ్చుకునేవాడు. ఆదివారం మధ్యాహ్నం. మా అమ్మాయి హాల్లో, కిటికీ వైపు తిరిగి, కళ్ళకు నానమ్మ తువ్వాలు కట్టుకుని కూర్చుంది. గది తలుపు తీసే ఉంది. లోపల, తనకు కనపడని చోట, నా భర్త. నీలం దీపం మీద నల్లటేపు వేశాను. నాణెం ఎగరేసి బొమ్మ పడితే స్విచ్చి వెయ్యాలి, బొరుసు పడితే తియ్యాలి. స్విచ్చి టక్కుమన్న చప్పుడుతో తను కనిపెట్టేస్తుందేమోనని, ప్రతిసారీ ముందు నాలుగైదుసార్లు వేసి తీసి, ఆ తర్వాతే నాణెం చెప్పిన చోట ఆపమన్నాను. ఆయన తన కాగితం మీద రాసుకుంటాడు. టక్కులు ఆగగానే మా అమ్మాయి చెప్పేది నేను నా కాగితం మీద రాస్తాను. ఇరవై సార్లు. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు.

మా అత్తగారు సోఫాలో సాక్షిగా కూర్చుంది. "పిల్లకి కళ్ళకి గంతలు కట్టి ఇదేం ఆటమ్మా" అని గొణిగింది. నేను వేలు పెదాల మీద పెట్టి చూపాను.

"ఆన్." "ఆఫ్." "ఆఫ్." "ఆన్." తన గొంతు ఎంత మామూలుగా ఉందో! బజారులో ఇది టమాటా, ఇది వంకాయ అని చెప్పినట్టు. ఆలోచించుకోడానికి ఒక్కసారి కూడా ఆగలేదు. నేను మాత్రం పెన్ను గట్టిగా పట్టుకుని ఉన్నాను.

కాగితాలు పక్కపక్కన పెట్టి టిక్కులు పెట్టుకుంటూ వచ్చాను. ఒకటి, రెండు, మూడు... పది వరకూ సరిపోయాయి. పదకొండోది కుదరలేదు. తను ఆన్ అంది. ఆయన కాగితంలో ఆఫ్ అని ఉంది.

ఆ క్షణంలో నా గుండెలో ఏం కదిలిందో దాచకుండా చెబుతున్నాను. సంతోషం. కన్నకూతురు అబద్ధమాడిందని తేలబోతున్నందుకు ఒక తల్లికి సంతోషం! ఎదురుపక్షం వక్త తడబడినప్పుడు వేదిక మీద కలుగుతుందే, అదే.

"ఆగాగు," అన్నాడు నా భర్త. "అప్పుడు నాణెం మంచం కిందికి దొర్లింది. స్విచ్చి వేసే ఉంచి దానికోసం వంగాను. బొరుసు పడింది, ఆఫ్ అని రాసుకున్నాను, కానీ తియ్యడం... తర్వాత తీశాను. నేను తీసేలోపే తను చెప్పేసింది."

అంటే ఆ సమయానికి అది ఆన్‌లోనే ఉంది. నియమం ప్రకారం ఆ వరస కొట్టేశాను. మిగిలిన పంతొమ్మిదీ సరిపోయాయి.

మా అమ్మాయి కళ్ళకున్న తువ్వాలు తనే విప్పుకుంది. గెలిచినట్టు ఎగరలేదు. నా చేతిలో కాగితాలు చూసి, "ఇనఫ్ ఆ? ఇంకో ఇరవై సార్లు చెప్పాలా?" అని అడిగింది. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.

నేను గదిలోకి వెళ్ళి ఆ యంత్రం పీకేశాను. వంటింట్లోదీ పీకేశాను. దాని వెనకే గోడ మీద ఒక బల్లి ఉంది. మూడు వారాలుగా అక్కడే కాపురముందో ఏమో, నన్ను చూసి మాత్రం పారిపోయింది.

మా అత్తగారు నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. "పిల్ల అబద్ధమాడదని నేను ముందే చెప్పా."

నాలో వాదించే మనిషి అప్పటికీ చావలేదు. "మీరు మిరపకాయలు తిప్పారు అత్తయ్యా."

"తిప్పా," అంది ఆవిడ. "నువ్వు పెట్టె చదివావు."

నలభై ఏళ్ళ వాదనల్లో నాకింతటి జవాబు ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ బల్లి గురించి పంచాంగాన్ని నమ్మింది. నేను బల్లి గురించి అట్టపెట్టెను నమ్మాను. తెల్లకోటు బొమ్మ వేసి, నిరూపితం అని అచ్చువేస్తే నాకది వేదవాక్కయింది. ఎవరు నిరూపించారు, ఎక్కడ, ఎలా అని నేను అడగలేదు. ఆ ప్రశ్నలన్నీ నా కూతుర్ని అడిగాను. ఆవిడ పిల్ల మాట నిజమని నమ్మి, కారణం తప్పు చెప్పింది. కారణం వెతకడం చేతనైన నేను మాటే అబద్ధమన్నాను. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ మూఢులు?

కథ ఇక్కడితో అయిపోతే ఇది రాయనవసరం లేదు. తప్పు ఒప్పుకున్నాను, ఆ రాత్రే తనకు క్షమాపణ చెప్పాను, తను "ఇట్స్ ఓకే అమ్మా" అంది. నేను నమ్మాను. నాకు అనుకూలమైన మాట కాబట్టి ఈసారి రుజువు అడగలేదు.

పరీక్షలు అయ్యాయి. మా అత్తగారు ఊరికి వెళ్ళిపోయింది. తర్వాత నెలలో ఒక గురువారం బడి నుంచి ఫోను: మా అమ్మాయి మెట్ల మీద కూర్చుండిపోయింది, లేవలేకపోతోంది. పాలీక్లినిక్‌కు తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పొత్తికడుపు నొక్కి చూసి, ఎప్పటి నుంచి నొప్పి అని అడిగింది. సోమవారం నుంచి, అంది నా కూతురు.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నాలుగు రోజులు! మేమిద్దరం ఒకే బల్ల మీద మూడు రాత్రులు అన్నం తిన్నాం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని తేలింది. మందులకు తగ్గింది. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే కిడ్నీల దాకా పాకేదని డాక్టరమ్మ అంది.

బస్సులో అడిగాను. "ఎందుకు చెప్పలేదమ్మా?"

తను కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "జ్వరం లేదు కదా. వాపు కూడా లేదు. నీకేం చూపించాలి?"

స్టాపు వచ్చింది, దిగాం, లిఫ్ట్ ఎక్కాం.

చెప్పేవాడే చూపాలి అన్న సూత్రం తప్పు కాదు. జనం ముందు నిలబడి, నాకు మహిమ ఉంది, నా కాళ్ళకు మొక్కండి అనే మనిషి కోసం పుట్టిన సూత్రమది. వాడు మన బుద్ధిని అడుగుతున్నాడు, మన లొంగుబాటును అడుగుతున్నాడు. వాడి దగ్గర రుజువు గుంజాల్సిందే. మా అమ్మాయి నన్నేం అడిగింది? ఒక స్విచ్చి తియ్యమని. తీస్తే నాకు పోయేదేమీ లేదు. తీసి, తన తలనొప్పి తగ్గిందో లేదో చూడటం కూడా పరీక్షే. అది అన్నిటికంటే ముందు, మొదటి రోజే చెయ్యాల్సిన పరీక్ష. హేతువాదం అంటే అనుమానించడం అని నేర్చుకున్నాను గానీ, అనుమానించినవాడు లేచి వెళ్ళి చూడాలన్న సగం మరిచిపోయాను. కుర్చీలోంచి లేవకుండా లేదనేవాడు, కుర్చీలోంచి లేవకుండా ఉందనేవాడు, ఇద్దరూ ఒక జాతే.

తనకు ఇప్పుడు పద్నాలుగు. ఇంట్లో ఏవేవి కూస్తాయో ఒకరోజు నేనే అడిగి తెలుసుకున్నాను. నా భర్త పాత ఫోన్ ఛార్జరు, బల్లదీపం వెలుగు తగ్గించినప్పుడు, టీవీ కింది డబ్బా, అదీ టీవీ ఆపేసినప్పుడే ఎక్కువట. రెండేళ్ళుగా వాటన్నిటినీ నోరెత్తకుండా భరించింది. మేం హాయిగా, నిశ్శబ్దంగా ఉందనుకున్న ఇల్లు అది. ఛార్జరు మార్చాం. మిగతావి వాడనప్పుడు ప్లగ్గు దగ్గరే ఆపేస్తాం. ఇవి సులువు. నొప్పి సంగతి సులువు కాదు. ఇప్పటికీ తను ఏదైనా చెప్పబోయే ముందు నా ముఖం చూస్తుంది. ఒక్క క్షణం. చెబితే నిలబడుతుందా లేదా అని లెక్క వేసుకుంటుంది. ఆ క్షణం ఎప్పటికైనా పోతుందేమో నాకు తెలియదు. పోతుందనడానికి నా దగ్గర రుజువు లేదు.

ఇది చదువుతున్న మీకు ఇంట్లో పిల్లలున్నారు, లేదా మీ మాటకు ఎదురు చెప్పలేని మనిషి ఎవరో ఒకరున్నారు. ఇప్పుడే లేవండి. వాళ్ళ దగ్గరకు వెళ్ళండి. ఈ ఇంట్లో నిన్ను బాధపెడుతున్నది ఏమిటని అడగండి. వాళ్ళు దేన్ని చూపితే దాన్ని అక్కడికక్కడే ఆపండి. కారణం తర్వాత వెతుకుదురుగాని. ఆ తర్వాత, నాకు చెప్పడం ఎప్పుడు మానేశావని కూడా అడగండి. జవాబు పూర్తయ్యేదాకా నోరు తెరవకండి.